మెనూ డాలర్లలో, చిల్లర రియెల్‌లో: సియెం రీప్‌లో బారు ధరలు రాసే పద్ధతి

ధర రాయడానికి కాలిక్యులేటర్ తీసే ముందు గల్లా పెట్టె తెరిచి చూడండి. కంబోడియాలోని సియెం రీప్‌లో బారు పెట్టాలనో, నడుస్తున్న బారును తీసుకోవాలనో నాకు ఫోన్ చేసే మనవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఇదే. పెట్టెలో చిల్లర ఎంత ఉంది, ఏయే నోట్లలో ఉంది అన్నదాన్ని బట్టే ఇక్కడ బీరు ధర తేలుతుంది. వాళ్లేమో మారకం రేటు గురించి గుచ్చి గుచ్చి అడుగుతారు. ఈ ఊళ్లో రేటు పెద్ద తలనొప్పి కాదు. ఏళ్లుగా డాలర్‌కు నాలుగు వేల రియెల్, దాని మీద మరో యాభయ్యో వందో, అంతే. తలనొప్పంతా చిల్లరతోనే.

మాది పర్యాటకుల బార్లు వరుసగా ఉండే పబ్ స్ట్రీట్ హోరుకు దూరంగా, నది పక్క సందులో ఉన్న చిన్న బారు. హోటల్ లెక్కలు చూడటానికి తణుకు నుంచి వచ్చిన నేను, చివరికి ఈ కౌంటర్ వెనక స్థిరపడ్డాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి పైగా ఇక్కడే ఉండిపోయిన విదేశీయులు: పింఛను మీద బతికే బ్రిటన్, ఆస్ట్రేలియా పెద్దమనుషులు, స్వచ్ఛంద సంస్థల ఉద్యోగులు, ఇంగ్లిష్ పంతుళ్లు, పాత గుళ్ల మరమ్మతు పనుల మీద వచ్చిన ఇంజనీర్లు. మిగతావాళ్లు పొద్దున్నుంచి అంకోర్‌వాట్ మెట్లెక్కి దిగి, కాళ్లు పీకుతుంటే కూలబడటానికి వచ్చే పర్యాటకులు. ఈ రెండు రకాలవాళ్లూ ఒకే మెనూ చూస్తారు కానీ ఒకే లెక్క వేయరు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఊరి డబ్బు సంగతి తెలియాలి. కంబోడియా సొంత డబ్బు రియెల్. 1975 ఏప్రిల్‌లో కమ్యూనిస్టు దళం ఖ్మేర్ రూజ్ అధికారంలోకి వచ్చాక డబ్బునే రద్దు చేసింది. రాజధాని నాంపెన్‌లోని కేంద్ర బ్యాంకు భవనాన్ని పేల్చేశారు. 1980 మార్చిలో రియెల్‌ను మళ్లీ తెచ్చారు కానీ, చేతిలోని నోటు ఒక్కరోజులో చిత్తుకాగితం కావడం కళ్లారా చూసినవాళ్లు బంగారాన్ని నమ్మినట్టు కాగితాన్ని నమ్మలేదు. 1992, 93లలో ఐక్యరాజ్యసమితి దళాలు దిగినప్పుడు వాళ్ల జీతాలతో పాటు డాలర్లు కుప్పలుగా వచ్చాయి, ఇక వెనక్కి పోలేదు. ఇప్పటికీ ఇంటి అద్దె డాలర్లలోనే. అంకోర్ టికెట్ కూడా అంతే: ఒకరోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62, ఏడు రోజులకు 72. కూరగాయలు, కరెంటు బిల్లు, టుక్‌టుక్ యాప్‌లో కనిపించే బాడుగ మాత్రం రియెల్.

మన గోవాలో మెనూ డాలర్లలో రాస్తే జనం నవ్వుతారు, పైగా అనుమతి లేకుండా డాలర్ పుచ్చుకుంటే చట్టం ఒప్పుకోదు. ఇక్కడ స్థానిక ఖ్మేర్ కుటుంబం నడిపే కాఫీ కొట్టులో కూడా పలక మీద డాలర్ ధరే కనిపిస్తుంది.

అయితే డాలర్ నోటు వచ్చింది గానీ, సెంటు నాణెం రాలేదు. డాలర్‌కు లోపు ఇవ్వాల్సిన ప్రతి పైసా రియెల్ నోట్లలోనే ఇవ్వాలి. మీ మెనూ అంతా ఈ ఒక్క సంగతి మీదే నిలబడుతుంది.

ఒక నోటుతో తెగే ధర

డాలర్‌కు 4,000 రియెల్ లెక్కన పావు డాలర్ అంటే సరిగ్గా 1,000 రియెల్. అంటే ధర ఎప్పుడూ పావు డాలర్ మెట్ల మీదే ఎక్కాలి, దిగాలి. అమెరికాలోలా 4 డాలర్ల 99 సెంట్లు అని రాసే సరదా ఉంటే మానుకోండి. ఒక సెంటు అంటే 40 రియెల్. అంత చిన్న నోటు ఎవరి గల్లాలోనూ ఉండదు. 100 రియెల్ నోట్లు ఉన్నాయి కానీ అవి ఎక్కువగా కట్టలు కట్టలుగా గుళ్ల హుండీల్లోకి, భిక్షువుల పళ్లాల్లోకి వెళతాయి. బారులో ఎవరికైనా 100 రియెల్ చేతిలో పెడితే అవమానించినట్టు చూస్తారు.

పావు డాలర్ మెట్లన్నీ ఒకటి కావు. ఇక్కడే అసలు కిటుకు. రియెల్ నోట్లలో తరచుగా చేతులు మారేవి 1,000, 2,000, 5,000, 10,000, 20,000. వీటిని డాలర్లలోకి మార్చి చూడండి: పావు, అర, ఒకటింపావు, రెండున్నర, అయిదు. ఈ ధరల్లో ఏదైనా సరే, రియెల్ ఉన్న మనిషి ఒక్క నోటు బల్ల మీద పెట్టి వెళ్లిపోతాడు. కౌంటర్‌లో అమ్మాయి లెక్క వేయక్కర్లేదు, చిల్లర వెతకక్కర్లేదు. అందుకే పీపా నుంచి గ్లాసులోకి పట్టే మా డ్రాఫ్ట్ బీరు ఒకటింపావు డాలర్. అందుకే పల్లీలు, వేయించిన అరటి ముక్కలు రెండున్నర. కొబ్బరి పాలతో అరటాకు దొన్నెలో ఆవిరికి ఉడికించే చేపల అమోక్ అయిదు డాలర్లు.

డాలర్ నోట్లు ఇచ్చేవాళ్ల వైపు నుంచి చూస్తే లెక్క మరోలా ఉంటుంది. ధర చివర ముప్పావు ఉంటే తిరిగి ఇవ్వాల్సింది ఒక్క 1,000 నోటు. అర ఉంటే ఒక్క 2,000 నోటు. పావు ఉంటే మాత్రం 3,000 ఇవ్వాలి, అది ఒక్క నోటులో లేదు, రెండు తీయాలి. రాత్రి తొమ్మిదింటికి కౌంటర్ ముందు జనం మూగినప్పుడు ఆ రెండో నోటు ఖరీదు మీకు తెలుస్తుంది. కాబట్టి ఒకటింపావును మినహాయించి, పావుతో ముగిసే ధరలు మెనూలో లేకుండా చూసుకోండి. రెండుంపావు రాయాల్సి వస్తే దాన్ని రెండుకు దింపండి, లేదా రెండున్నరకు ఎక్కించండి. నేనైతే ఎక్కువసార్లు ఎక్కిస్తాను.

ఖర్చు నుంచి ధరకు

ఖర్చుల పుస్తకంలో రెండు గడులు గీయండి. ఒకదాంట్లో డాలర్ ఖర్చులు: అద్దె, జీతాలు, నాంపెన్ నుంచి వచ్చే జిన్, వైన్, విస్కీ. రెండోదాంట్లో రియెల్ ఖర్చులు: ఐసు, నిమ్మకాయలు, చేపలు, కోడిగుడ్లు, కరెంటు. ఆరో నంబరు జాతీయ రహదారి పక్కనున్న ఫ్సా లే మార్కెట్‌కు మా వంటాయన తెల్లవారకముందే వెళతాడు. అక్కడ డాలర్ ఇస్తే తీసుకుంటారు కానీ, రేటు విషయంలో మీరు తెలివితక్కువవాళ్లని అర్థం చేసుకుంటారు. ముందు రాత్రి గల్లాలో పడిన రియెల్‌నే పొద్దున్న మార్కెట్‌కు పంపండి. నోటు మార్పించే పని లేకుండా తిరుగుతూ ఉంటుంది.

ఉదాహరణకు 30 లీటర్ల బీరు కెగ్, అంటే పీపా, 30 డాలర్లకు పడిందనుకుందాం. 330 మిల్లీలీటర్ల గ్లాసు లెక్కన కాగితం మీద 90 గ్లాసులు. నురుగు, గొట్టాల్లో మిగిలేది, మనవాళ్లు రుచి చూసేది పోగా 82 వస్తే బాగా పోసినట్టే. గ్లాసుకు 37 సెంట్లు. సరుకు ఖర్చు ధరలో 30 శాతం దాటకూడదనేది నా గీత. 37ను 0.30తో భాగిస్తే 1.23 డాలర్లు. ఒకటింపావు పక్కనే ఉంది, 5,000 నోటు నవ్వుతూ ఎదురుచూస్తోంది. ఇంక ఆలోచించేది ఏముంది?

అన్నీ ఇంత తేలిగ్గా కుదరవు. జిన్ టానిక్ చూడండి. 700 మిల్లీలీటర్ల సీసా 9 డాలర్లు అనుకుంటే, 45 మిల్లీలీటర్ల కొలతకు 15 పెగ్గులు, పెగ్గు 60 సెంట్లు. టానిక్ 50, నిమ్మ చెక్కా ఐసూ 10. మొత్తం ఒక డాలర్ 20 సెంట్లు, అంటే ధర 4 డాలర్లు. ఇక్కడ ఒక్క నోటు సూత్రం పనిచేయదు, పనిచేయించాలని చూడకండి. నిండు డాలర్ల ధరకు రియెల్ చిల్లర అసలే అవసరం లేదు, అదీ మంచిదే. బర్గర్ ఖర్చు 2.05 అయితే, వంటకాలకు నేను పెట్టుకున్న 32 శాతం గీత ప్రకారం 6.40 వస్తుంది. మెనూలో ఆరున్నర రాశాను.

హ్యాపీ అవర్, అంటే సాయంత్రం కాసేపు తక్కువ ధరకు అమ్మడం గురించి అందరూ అడుగుతారు. పబ్ స్ట్రీట్ పేరు తెచ్చుకున్నదే అర డాలర్ డ్రాఫ్ట్ బీరుతో. పైన చెప్పిన కెగ్ లెక్కలో అర డాలర్‌కు అమ్మితే గ్లాసుకు మిగిలేది 13 సెంట్లు. అందులోంచే గ్లాసు కడిగిన మనిషికి, చల్లబరిచిన కరెంటుకు, పాట పాడే స్పీకరుకు కట్టాలి. వీధి మీద జనం వరదలా పోయే చోట, బీరుతో రప్పించి కాక్‌టెయిళ్లతో రాబట్టుకునేవాళ్లకు అది సరిపోతుంది. సందులో ఉన్నవాళ్లకు అది ఆత్మహత్య. మేం సగం ధర అనకుండా, సాయంత్రం అయిదు నుంచి ఏడు వరకు రెండు గ్లాసులు రెండు డాలర్లు అంటాం. ఒక్క గ్లాసు కావాలంటే ఒకటింపావే. మనిషి మరో మనిషిని వెంట తెస్తాడు, గల్లాలోంచి ఒక్క రియెల్ బయటికి పోదు.

పన్ను విషయం త్వరగా ముగిస్తాను. ఇక్కడ వ్యాట్ 10 శాతం. పెద్ద హోటళ్లు ధర పక్కన ప్లస్ ప్లస్ అని పెట్టి, సేవా రుసుమునూ పన్నునూ చివర్లో కలుపుతాయి. బారుకు అది పనికిరాదు. ఒకటింపావు మీద 10 శాతం వేస్తే 5,500 రియెల్ అవుతుంది, ఒక్క నోటు ముచ్చట అక్కడితో సరి. పన్ను లోపలే కలిపి రాయండి. అయిదు డాలర్ల అమోక్‌లో 45 సెంట్లు పన్నుదేనని మీ పుస్తకంలో గుర్తుపెట్టుకోండి, తినేవాడికి చెప్పనక్కర్లేదు. పన్ను పత్రాల్లో లెక్క రియెల్‌లో చూపాలి కాబట్టి, అక్కడ మీ 4,000 రేటు చెల్లదు. పన్ను శాఖ ప్రకటించే రేటే వాడాలి. ఇది మీ లెక్కల మనిషికి ముందే చెప్పండి.

ఇంటి రేటు

ప్రతి బారుకూ ఒక ఇంటి రేటు, అంటే తనకు తాను పెట్టుకున్న మారకం రేటు ఉంటుంది. కొన్ని చోట్ల 4,000, కొన్ని చోట్ల 4,100. బజారు రేటు ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. కొందరు యజమానులు రియెల్ పుచ్చుకునేటప్పుడు డాలర్‌కు 4,100, తిరిగి ఇచ్చేటప్పుడు 4,000 అంటారు. డాలర్‌కు 100 రియెల్, అంటే రెండున్నర శాతం, చప్పుడు లేకుండా జేబులో పడుతుంది. ఇది చేయకండి. పర్యాటకుడు గమనించడు, నిజమే. ఇక్కడే ఉండే పెద్దాయన మాత్రం మూడో గ్లాసుకు గమనిస్తాడు, ఆరో గ్లాసుకు పక్క బల్లకు చెబుతాడు. ఆ తర్వాత ఆయన మీ బారును తలచుకునేది బీరు కోసం కాదు, ఆ వంద రియెల్ కోసం. డబ్బు బీరు మీద సంపాదించండి, రేటు మీద వద్దు.

మా పద్ధతి ఇది. పది డాలర్ల లోపు ఏ బిల్లుకైనా, ఇచ్చినా పుచ్చుకున్నా 4,000. బజారు రేటు 4,050 ఉన్నరోజు ఒకటిన్నర డాలర్‌కు 6,000 తీసుకుంటే మనం పోగొట్టుకునేది 75 రియెల్. చిల్లర ఇచ్చేటప్పుడు అంతో ఇంతో తిరిగి వస్తుంది. నెల చివర చూస్తే ఏ వైపు మొగ్గిందో కూడా కనిపించదు. పది డాలర్లు దాటిన బిల్లు మొత్తం రియెల్‌లో కడతానంటే మాత్రం ఆ రోజు రేటు. ఎందుకంటే 40 డాలర్ల బిల్లుకు 4,000 లెక్కన 1,60,000 వస్తుంది, 4,050 లెక్కన 1,62,000 రావాలి. ఆ తేడా అర డాలర్, బల్లకు అర డాలర్ అంటే ఊరుకోలేం. రేటు కౌంటర్ వెనక పలక మీద సుద్దతో రాసి ఉంటుంది. లెక్క ఎంత వచ్చినా కిందనున్న 500కు సరిచేస్తాం: 17 డాలర్ల పావుకు 69,862 వస్తే 69,500 తీసుకుంటాం. సరిచేయడం ఎప్పుడూ కట్టేవాడి వైపే ఉండాలి.

సగం డాలర్లు, సగం రియెల్ ఇచ్చేవాళ్లే ఎక్కువ. బిల్లు 11 డాలర్ల ముప్పావు. ఆయన పది డాలర్ల నోటు పెట్టి జేబులో తడుముకుంటాడు. మిగిలిన ఒకటి ముప్పావుకు 7,000, అంటే ఒక 5,000, ఒక 2,000. ఇక్కడ పలక రేటు జోలికి పోవద్దు, 4,000తోనే తెంచండి. కొత్తగా చేరిన అమ్మాయికి నేను మొదటి వారం నేర్పేది కాక్‌టెయిళ్లు కాదు, ఈ కూడికలే. పావుకు వెయ్యి, అరకు రెండు వేలు, ముప్పావుకు మూడు వేలు. పాటలా నోటికి వచ్చేవరకు కౌంటర్ మీద నిలబెట్టను. 'బాంగ్, మిషన్ ఉంది కదా' అంటారు. బాంగ్ అంటే ఇక్కడ అన్నా అన్నట్టు. మిషన్ కరెంటుతో నడుస్తుంది, కరెంటు వర్షాకాలంలో పోతుంటుంది.

మెనూ కార్డు మీద మారకం రేటు అచ్చు వేయకండి. డాలర్ ధర పెద్ద అంకెల్లో, దాని కింద 4,000 లెక్కన రియెల్ ధర చిన్న అంకెల్లో వేస్తే చాలు. ఖ్మేర్ కుటుంబాలు వచ్చినప్పుడు వాళ్ల కళ్లు నేరుగా కింది అంకె మీదికే పోతాయి. రియెల్ వాడకం పెరగాలని కేంద్ర బ్యాంకు కూడా ఏళ్లుగా చెబుతోంది. ఆ కింది వరుస ఉంటే ఎవరికీ సమాధానం చెప్పుకోనక్కర్లేదు.

గల్లాలో ఏముండాలి

తలుపు తీసేటప్పుడు మా పెట్టెలో ఉండేవి: డాలర్ నోట్లు 40, అయిదు డాలర్లవి 10, పది డాలర్లవి 5. రియెల్‌లో వెయ్యి నోట్లు 100, రెండు వేలవి 50, అయిదు వేలవి 20, అయిదు వందలవి 40. డాలర్లలో 140, రియెల్‌లో 3,20,000, అంటే ఇంటి రేటుకు 80. మొత్తం 220 డాలర్లు. చిన్న బారుకు ఇది ఎక్కువే అంటారు. ఏటీఎంలు ఏం చేస్తాయో చూసినవాళ్లు అనరు. అవి పర్యాటకుడి చేతిలో వంద డాలర్ల నోటు పెడతాయి. అతను తిన్నగా మన దగ్గరికి వచ్చి ఒకటింపావు బీరు అడిగి ఆ నోటు చాపుతాడు. ఆ నోటు విరిచారో, మీ గల్లా రాత్రికి ఖాళీ. 'మీరు కూర్చోండి, రాసుకుంటాం, వెళ్లేటప్పుడు ఇవ్వండి' అనడం మా వాళ్లకు అలవాటు. మనిషి కూర్చుంటే ఒక్క బీరుతో లేవడు.

డాలర్ నోట్లు దొరకడం కూడా అంత తేలిక కాదు. 2020లో 1, 2, 5 డాలర్ల నోట్లను చలామణి నుంచి మెల్లగా తగ్గించాలని కేంద్ర బ్యాంకు నిర్ణయించింది. అవి చెల్లవనే పుకారు పుట్టి కొన్నాళ్లు కొట్లలో గొడవలయ్యాయి. చెల్లుతాయి, ఇప్పటికీ తిరుగుతున్నాయి. కానీ శుభ్రమైన డాలర్ నోటు కనిపిస్తే పక్కన పెట్టుకునే అలవాటు అందరికీ వచ్చింది. మీరూ అదే చేయండి. వారాంతానికి ముందు మార్కెట్ దగ్గర గాజు పెట్టెల్లో నోట్ల కట్టలు పేర్చుకుని కూర్చునే మారకం వ్యాపారుల దగ్గరికి ఒకరిని పంపండి.

నోటు చూసే పద్ధతి ఒక్కసారి దగ్గరగా నేర్చుకోండి. మా కౌంటర్ అమ్మాయి డాలర్ నోటును రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పట్టుకుని, ముందు నాలుగు అంచులూ వేలితో తడుముతుంది. గోరు పట్టేంత చిరుగు ఉన్నా తిరిగి ఇచ్చేస్తుంది. తర్వాత వెలుతురుకు ఎత్తి సిరా ముద్రలు, పెన్ను గీతలు, టేపు అతుకులు చూస్తుంది. అయిదు డాలర్లు, అంతకు పైబడిన నోటైతే ఆఖరున బొమ్మ చూస్తుంది: తలకాయ చిన్నగా గుండ్రని చట్రంలో ఉంటే అది పాత కాలపు నోటు, బయట తీసుకోరు. ఇదంతా మీరు ఒక గుక్క తాగేలోపు అయిపోతుంది. విదేశీయులకు కోపం వస్తుంది, 'మా దేశంలో ఇది చెల్లుతుంది' అంటారు. చెల్లుతుంది, కాదనం. కానీ చిరిగిన డాలర్‌ను మనం తీసుకుంటే మన దగ్గర నుంచి ఎవరూ తీసుకోరు, మారకం వ్యాపారి తీసుకున్నా కోత కోస్తాడు. విచిత్రం ఏమిటంటే నలిగి, చిరిగి, చేపల వాసన కొట్టే రియెల్ నోటును మాత్రం ఎవరూ ఏమీ అనరు. మా వాళ్లకు ఇచ్చిన ఆజ్ఞ ఒకటే: మనం పుచ్చుకోని నోటు ఎవరికీ ఇవ్వొద్దు.

తిరిగి ఇచ్చే చిల్లరలో రియెల్ ఒక డాలర్ లోపే ఉండాలి. అంతకు మించి ఇవ్వాల్సి వస్తే ముందు అడగండి. రేపు విమానం ఎక్కే మనిషికి 14,000 రియెల్ చేతిలో పెట్టడం అన్యాయం, సరిహద్దు దాటాక వాటిని మార్చేవాళ్లు దొరకడం కష్టం. అతను విసుక్కుంటూ ఆ నోట్లన్నీ టిప్పు డబ్బాలో వేసి వెళతాడని కావాలనే రియెల్ ఇచ్చే బార్లు ఉన్నాయి. అలాంటి టిప్పుతో మా పిల్లలకు పని లేదు.

పౌండ్లు, యూరోలు, థాయ్ బాత్, మన రూపాయలు తీసుకోకండి. మూడో రకం డబ్బు పెట్టెలోకి వచ్చిన రాత్రి లెక్క తేలదు. మన ఊళ్ల నుంచి వచ్చే బృందాల్లో ఎవరో ఒక పెద్దాయన అయిదు వందల నోటు తీసి, 'బాబూ, తెలుగువాడివి కదా, నువ్వు తీసుకోవచ్చు' అంటారు. 'మీకు మంచినీళ్లు ఉచితంగా ఇస్తానండీ, రూపాయలు మాత్రం వద్దు' అంటాను. నవ్వేసి కార్డు తీస్తారు. కార్డు మీద బ్యాంకు మా దగ్గర సుమారు 3 శాతం కోస్తుంది. ఆరున్నర బర్గర్ మీద అది దాదాపు 20 సెంట్లు. పది డాలర్లు దాటితేనే కార్డు అని బోర్డు పెట్టాం, కార్డు వాడినందుకు అదనంగా మాత్రం ఏమీ వేయం.

క్యూఆర్ వచ్చాక ఈ బాధల్లో కొన్ని తగ్గాయి. కేంద్ర బ్యాంకు 2020 అక్టోబరులో తెచ్చిన చెల్లింపుల వ్యవస్థ పేరు బాకోంగ్. ఊరికి తూర్పున రొలువోస్ దగ్గర ఖ్మేర్ రాజు ఇంద్రవర్మన్ 881లో ప్రతిష్ఠించిన శివాలయం పేరే అది. బ్యాంకు యాప్‌కు శివాలయం పేరు పెట్టుకున్న దేశం నాకు భలే నచ్చింది. 2022లో అన్ని బ్యాంకులకూ ఒకే కోడ్, కేహెచ్‌క్యూఆర్, వచ్చింది. డాలర్ ఖాతాకు ఒక కోడ్, రియెల్ ఖాతాకు ఒకటి ఉంటాయి. రెండింటినీ పక్కపక్కన అతికించకండి, వేర్వేరు రంగుల చట్రాల్లో కౌంటర్‌కు రెండు చివర్లా పెట్టండి. వీలైతే మొత్తాన్ని మీరే కొట్టి కోడ్ చూపండి, తాగిన చేతికి సున్నాలు అప్పగించకండి. చెల్లింపు సందేశం మా సిబ్బంది టెలిగ్రామ్ గుంపులోకి వస్తుంది. అది చూశాకే గ్లాసు కదులుతుంది, ఎదుటివాడి ఫోనులో పచ్చ టిక్కు చూసి కాదు.

రాత్రి లెక్కలో డాలర్ నోట్లు, రియెల్ నోట్లు, డాలర్ క్యూఆర్, రియెల్ క్యూఆర్, కార్డు, అయిదు వరుసలు రాయండి. అన్నీ రాశాకే ఒక్క అంకెగా మార్చండి. ముందే కలిపేస్తే తప్పు ఎక్కడుందో దొరకదు.

ఎవరి లెక్క ఎవరిది

పర్యాటకుడు మీ ధరను తన ఊరి బారుతో పోలుస్తాడు, అందుకే ఆరున్నర బర్గర్ అతనికి చవక. ఇక్కడ ఉండిపోయినవాడు పక్క సందులోని బారుతో పోలుస్తాడు, పావు డాలర్ తేడా అతనికి ఏడాదికి ఎంతవుతుందో కూడా చెబుతాడు. మీ బీరు ధర డాలర్లలో కదలకపోయినా అతనికి కదులుతుంది, ఎందుకంటే పింఛను పౌండ్లలోనో, యెన్‌లలోనో వస్తుంది. 2022 సెప్టెంబరు చివర్లో పౌండు 1.04 డాలర్ల కిందికి జారింది. ఆ రోజుల్లో మా బ్రిటిష్ పెద్దలు జిన్ మానేసి డ్రాఫ్ట్ బీరుకు దిగారు. నేను ధరలు ముట్టుకోలేదు. వాళ్ల కోసం ఒకటింపావు దగ్గర ఒక బీరు ఎప్పుడూ ఉండాలి, దాన్ని మాత్రం చివరి వరకు కదపొద్దు. జిన్ పెంచండి, వైన్ పెంచండి, బర్గర్ పెంచండి, ఆ ఒక్క గ్లాసు జోలికి పోవద్దు.

వాళ్లకు ఖాతా పుస్తకం పెట్టండి. డాలర్లలోనే రాయండి, గ్లాసు బల్ల మీద పెట్టినప్పుడే రాయండి, వారానికోసారి తీర్చమనండి. మొత్తం ఎలాగూ పావుల్లోనే తేలుతుంది కాబట్టి పేచీ ఉండదు. బిల్లు పది దాటుతుంది కనుక రియెల్‌లో తీరుస్తానంటే పలక రేటు వర్తిస్తుందని ముందే చెప్పాలి. ఆ మాట పుస్తకం అట్ట లోపల రాసి పెట్టాను, ఎవరైనా అడిగితే వేలు పెట్టి చూపిస్తాను.

ఇదంతా రియెల్ కదలకుండా నిలబడిన చోట పనిచేసే పద్ధతి. లావోస్‌లో లువాంగ్ ప్రబాంగ్‌కు వెళ్లి ఇదే చేస్తే మునుగుతారు. 2022 ఆరంభంలో డాలర్‌కు 11 వేల చిల్లర ఉన్న అక్కడి డబ్బు కిప్, ఆ ఏడాది చివరికి 17 వేలు దాటింది, తర్వాత 20 వేలూ దాటింది. అలాంటి చోట ఒక్క నోటు ధరలు నెలకే పాతబడతాయి. దిగుమతి సరుకుకు డాలర్లలో లెక్కగట్టి, స్థానిక ధరను పలక మీద సుద్దతోనే రాయాలి, అచ్చు వేయించకూడదు.

ఇక్కడ ధర మార్చాలంటే అక్టోబరు చివర మార్చండి. నవంబరు నుంచి మార్చి దాకా పర్యాటకులు వస్తారు, కొత్తగా వచ్చేవాళ్లకు పాత ధర తెలియదు. ఏప్రిల్‌లో ఖ్మేర్ కొత్త సంవత్సరం ముందు మార్చితే పండగకు పెంచారన్న పేరు వస్తుంది, పైగా ఆ తర్వాత వచ్చేది ఖాళీ నెలలు. రోజూ వచ్చేవాళ్లకు రెండు వారాల ముందే నోటితో చెప్పండి. ఎక్కించేది ఒక మెట్టు కాదు, కనీసం రెండు మెట్లు: ముప్పావు నుంచి నిండు డాలర్‌కు వెళితే మళ్లీ ఆరు నెలలకే మార్చాల్సి వస్తుంది, ముప్పావు నుంచి పై డాలర్ పావుకు వెళ్లలేం కనుక అర దాకా వెళ్లండి, అంటే మూడు మెట్లు. రెండు ముప్పావు వైన్ గ్లాసు అలాగే మా దగ్గర మూడున్నర అయింది. కొత్త కార్డులు వచ్చిన రోజే పాత కార్డులన్నీ చించేయండి. ఒక్కటి మిగిలినా ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని, ఆ ధరకే కావాలంటారు, వాళ్లకు ఆ ధరకే ఇవ్వాల్సి వస్తుంది.